ఆగడం మరిచిన ఎంజైము



ఈరోజు ఏబుల్ అనే ఒక ఎంజైము గురించి మాట్లాడుకుందాం. ఇది నాలోనూ ఉంది, మీలోనూ ఉంది, ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. సక్రమంగా పనిచేస్తున్నంత కాలం దాని ఊసే మనకు తెలియదు. అదుపు తప్పితే మాత్రం రక్త క్యాన్సర్ వస్తుంది. ఒకప్పుడు ఆ జబ్బు పేరు చెబితే ఇంటిల్లిపాదీ ఆశ వదులుకునేవారు. ఇప్పుడు అదే జబ్బున్నవాళ్లు రోజూ మాత్ర వేసుకుంటూ ఉద్యోగాలకు వెళుతున్నారు, సేద్యం చేసుకుంటున్నారు, పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నారు. ఇంత మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఆ ఎంజైము చేసే పని తెలియాలి.

నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. కణానికి పని మొదలుపెట్టడం ఎంత అవసరమో, వేళకు ఆపడం అంతకంటే అవసరం. ఏబుల్ కథంతా ఈ ఆపడం చుట్టూనే తిరుగుతుంది.

మన కణాలు ఒంటరిగా బతకవు. పెరగమని, విడిపోయి రెండు కమ్మని, కదలమని, చివరికి చనిపొమ్మని కూడా వాటికి బయటి నుంచి కబుర్లు అందుతూనే ఉంటాయి. కబురు కణం పొర దగ్గర ఆగిపోతే ఉపయోగం లేదు. లోపలికి వెళ్లాలి, కేంద్రకం దాకా చేరాలి. దాన్ని అలా చేరవేసే పనిలో ముఖ్యపాత్ర కైనేజులు అనే ఎంజైములది. కైనేజు చేసే పని చూడటానికి చాలా చిన్నది. ఒక ఫాస్ఫేటు ముక్కను తీసుకుని ఇంకో ప్రోటీనుకు తగిలిస్తుంది, అంతే. కానీ ఫాస్ఫేటు తగలగానే ఆ ప్రోటీను ఆకారం మారుతుంది. ఆకారంతో పాటు పని మారుతుంది. అప్పటిదాకా ఊరికే ఉన్నది చురుకవుతుంది, లేదా చురుగ్గా ఉన్నది ఊరుకుంటుంది. పని అయ్యాక ఆ ఫాస్ఫేటును తీసేయడానికి ఫాస్ఫటేజులని వేరే ఎంజైములున్నాయి. తగిలించడం, తీసేయడం కణంలో క్షణక్షణమూ జరుగుతుంటాయి. 1950ల నడుమ అమెరికాలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కండరాల మీద పరిశోధన చేస్తూ ఈ సంగతి కనిపెట్టారు. దానికి 1992లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

మరి తగిలించడానికి ఆ ఫాస్ఫేటు ఎక్కడి నుంచి వస్తుంది? ఏటీపీ అనే అణువు నుంచి. కణంలో శక్తి కావలసిన ప్రతి చోటా ఖర్చయ్యేది ఏటీపీయే. దాన్ని కనుగొన్నవారిలో మన తెలుగువాడొకరు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. సుబ్బారావుగారి పేరును ఇక్కడ గౌరవం కోసమే తలుచుకోవడం లేదు. ఏబుల్‌కు విరుగుడుగా వచ్చిన మొదటి మందు ఆ ఎంజైములో ఏటీపీ కూర్చునే చోటే కూర్చుంటుంది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ప్రోటీను అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసులో కైనేజులు ఫాస్ఫేటు తగిలించేది ముఖ్యంగా మూడు అమైనో ఆమ్లాలకు. అవి సెరీన్, థ్రియోనిన్, టైరోసిన్. మామూలు కణంలో ఉన్న మొత్తం ఫాస్ఫేట్లలో టైరోసిన్ మీద ఉండేవి వెయ్యింట ఒక వంతు కూడా ఉండవు. అందుకే చాలాకాలం అవి ఎవరి కంటా పడలేదు. 1979లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో టోనీ హంటర్ అనే శాస్త్రవేత్త ప్రోటీన్లను విడగొట్టే ప్రయోగం చేస్తూ, కొత్తగా కలుపుకోకుండా పాత ద్రావణమే వాడారు. నిలవ ఉండటం వల్ల దాని ఆమ్లత మారిపోయింది. ఆ మార్పు వల్ల, అంతవరకు థ్రియోనిన్‌తో కలిసిపోయి ఒకే మచ్చగా కనిపించిన టైరోసిన్ ఫాస్ఫేటు విడిగా బయటపడింది. ఆ మచ్చ ఎందుకొచ్చిందో తేలేదాకా ఆయన వదిలిపెట్టలేదు. మనిషి జన్యువుల్లో 500కు పైగా కైనేజులున్నాయని 2002లో లెక్క తేలింది. వాటిలో టైరోసిన్ మీద పనిచేసేవి 90. సంఖ్యలో తక్కువే అయినా, కణం పెరుగుదలను శాసించేవాటిలో ముందువరస వీటిదే. ఏబుల్ ఈ 90లో ఒకటి.

ఏబుల్ అనే పేరు హెర్బర్ట్ ఏబెల్సన్ అనే పరిశోధకుడి పేరు మీద వచ్చింది. 1970లో ఆయన, లూయీజ్ రాబ్‌స్టీన్ కలిసి ఎలుకల్లో రక్త క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్‌ను వేరుచేశారు. ఆ వైరస్ మోసుకు తిరుగుతున్న క్యాన్సర్ జన్యువు నిజానికి వైరస్ సొంతం కాదని తర్వాత తేలింది. ఎలుక జన్యువునే వైరస్ ఎత్తుకుపోయింది. అదే జన్యువు మనిషిలోనూ ఉంది. క్యాన్సర్ జన్యువులు చాలావరకు బయటి నుంచి వచ్చిపడేవి కావు, మనలో మంచిపని చేస్తున్న జన్యువులే దారితప్పి అలా మారతాయి అని శాస్త్రానికి అర్థమైన రోజులవి.

ఇప్పుడు ఏబుల్‌ను దగ్గరగా చూద్దాం. ఇది 1,100కు పైగా అమైనో ఆమ్లాలున్న పెద్ద ప్రోటీను. నడుమ కైనేజు భాగం ఉంటుంది. అందులో ఏటీపీ కూర్చోవడానికి ఒక గుంట ఉంది. పక్కన ఉన్న చిన్న భాగాలు రెండు కైనేజు వీపును పట్టుకుని ఉంటాయి. తోకలో కణం అస్థిపంజరాన్ని పట్టుకునే భాగం, డీఎన్‌ఏను పట్టుకునే భాగం ఉన్నాయి. అందరూ శ్రద్ధగా చూడవలసింది మాత్రం దాని మొదటి కొసను. ఏబుల్‌లో ఒక రకానికి ఆ కొసన 14 కార్బన్లున్న ఒక కొవ్వు ఆమ్లం అతికి ఉంటుంది. దాని పేరు మిరిస్టిక్ ఆమ్లం. జాజికాయలో, కొబ్బరినూనెలో ఉండేది ఇదే. ఆ కొవ్వు ముక్క వంగి వచ్చి, కైనేజు భాగం అడుగున ఉన్న మరో లోతైన గుంటలో దూరుతుంది. అది దూరగానే పక్క భాగాలు కైనేజును గట్టిగా అదిమిపట్టుకుంటాయి. ఎంజైము ఆగిపోతుంది. కబురు వచ్చినప్పుడే ఈ పట్టు సడలుతుంది. అవసరం తీరగానే మళ్లీ బిగుసుకుంటుంది. 2003లో ఈ నిర్మాణం వివరంగా బయటపడింది. తనను తాను ఆపుకునే ఏర్పాటును ఏబుల్ తనలోనే పెట్టుకుంది.

ఇంతకీ అదుపులో ఉన్న ఏబుల్ ఏం పనులు చేస్తుంది? అది కేంద్రకంలోనూ ఉంటుంది, కేంద్రకం బయటా ఉంటుంది. ఉన్న చోటును బట్టి పని. కణానికి ఆకారాన్నీ కదలికనూ ఇచ్చేవి యాక్టిన్ అనే ప్రోటీను పోగులు. కణం కదలాలంటే ముందువైపు కొత్త పోగులు అల్లాలి, వెనకవైపువి విప్పాలి. ఈ అల్లికలో ఏబుల్ చెయ్యి ఉంది. పిండంలో నరాల కణాలు తమ పొడవాటి కొసలను సరైన చోటికి చాపుకోవడానికీ ఇది కావాలి. ఈగల మీద చేసిన పరిశోధనల్లో మొదట ఈ సంగతి తెలిసింది. రోగకారకాలను గుర్తుపట్టే టీ కణాలకు కబురు అందడంలోనూ దీనికి పాత్ర ఉంది.

కేంద్రకంలో దీని పని ఇంకో రకం. రేడియేషన్ వల్లనో మరో కారణం వల్లనో డీఎన్‌ఏ తెగినప్పుడు ఆ వార్త ఏబుల్‌కు చేరుతుంది. తెగినది బాగుచేసుకోవాలా, బాగుపడనంత దెబ్బ అయితే కణం చనిపోవాలా అనే నిర్ణయంలో ఏబుల్ పాలుపంచుకుంటుంది. గమనించండి, ఒకచోట కణం బతకడానికి, ఇంకోచోట చనిపోవడానికి ఇదే ఎంజైము తోడ్పడుతోంది. చోటు, వేళ తప్పితే పని తారుమారవుతుంది. సూక్ష్మజీవులు కూడా దీన్ని వాడుకోకుండా వదల్లేదు. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా బ్యాక్టీరియా పేగు కణంలోకి చొరబడటానికి కణంలోని ఏబుల్‌నే ఉపయోగించుకుంటుంది.

ఈ జన్యువు లేకుండా ఎలుకలను పుట్టించి చూశారు. అవి గిడసబారి పుట్టాయి, రోగనిరోధక కణాలు సరిపోక చాలావరకు కొద్ది వారాల్లోనే చనిపోయాయి. ఏబుల్‌కు ఆర్గ్ అని ఒక తోబుట్టువు ఎంజైము ఉంది. రెండూ లేని ఎలుకలైతే పుట్టనేలేదు, పిండ దశలోనే పోయాయి. మనుషుల్లో పుట్టుకతోనే ఈ జన్యువులో మార్పులున్న పిల్లలు కొందరికి గుండె లోపాలు, ఎముకల లోపాలు ఉన్నట్టు 2017లో గుర్తించారు. అంటే ఇది లేకపోయినా చిక్కే, మితిమీరినా చిక్కే.

మితిమీరితే వచ్చేదే మనం చెప్పుకుంటున్న రక్త క్యాన్సర్. దాని పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. ఆసుపత్రుల్లో క్లుప్తంగా సీఎంఎల్ అంటారు. మొదట్లో పెద్ద బాధ ఏమీ ఉండదు. నీరసం, బరువు తగ్గడం, కొంచెం తిన్నా కడుపు నిండినట్టుండటం, ఎడమ డొక్కలో బరువు కనిపిస్తాయి. ఆ బరువు ప్లీహం వాయడం వల్ల. చాలామందికి వేరే పనిమీద చేయించిన రక్త పరీక్షలో బయటపడుతుంది. మామూలుగా 4 వేల నుంచి 11 వేల దాకా ఉండవలసిన తెల్ల రక్తకణాలు లక్ష, రెండు లక్షలు ఉంటాయి. మన దేశంలో ఇది ఎక్కువగా నడివయసువాళ్లలో, సంపాదించి ఇల్లు నడుపుతున్నవాళ్లలో కనిపిస్తోంది.

ఈ జబ్బు మూలం దొరికిన కథ 1960లో మొదలవుతుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్ అనే వైద్యుడు ఒకసారి గాజు పలకల మీద ఉన్న లుకేమియా కణాలను కుళాయి నీళ్లతో కడిగారు. ఆ నీటికి కణాలు ఉబ్బి, లోపలి క్రోమోజోములు విడివిడిగా కనిపించాయి. ఆయన డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే విద్యార్థి సాయం తీసుకున్నారు. సీఎంఎల్ రోగుల కణాల్లో ఒక క్రోమోజోము మామూలు కంటే బాగా చిన్నదిగా ఉందని ఇద్దరూ కలిసి చూపించారు. దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోము అని పేరు పడింది. ఒక క్యాన్సర్‌కు ఒక నిర్దిష్టమైన క్రోమోజోము మార్పును ముడిపెట్టడం అదే మొదలు.

మరి చిన్నదైన ఆ క్రోమోజోములో ఊడిన ముక్క ఎటు పోయింది? దీనికి జవాబు చెప్పింది షికాగోకు చెందిన జానెట్ రౌలీ. నలుగురు పిల్లల తల్లి. క్రోమోజోముల మీద చారలు కనిపించేలా రంగు వేసే పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చింది. ఆమె ఆ ఫొటోలను ఇంటికి తెచ్చుకుని, భోజనాల బల్ల మీద పరిచి, క్రోమోజోములను కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరించి జతలు జతలుగా పేర్చేవారు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారట. ఆ బల్ల మీదే ఆమెకు అసలు సంగతి కనిపించింది. 22వ క్రోమోజోములో తగ్గిన ముక్క 9వ క్రోమోజోము కొసకు చేరింది. ముక్క మాయం కాలేదు, చోటు మారింది. 1973లో ఆమె ఈ సంగతి ప్రచురించారు.

ఇలా ముక్కలు చోటు మారేటప్పుడు తెగేది ఎక్కడో తెలుసా? 9వ క్రోమోజోము మీద సరిగ్గా ఏబుల్ జన్యువు దగ్గర. అది వెళ్లి 22వ క్రోమోజోము మీద ఉన్న బీసీఆర్ అనే జన్యువుకు అతుక్కుంటుంది. 1980ల్లో పలు దేశాల పరిశోధకులు దీన్ని తేల్చారు. రెండు జన్యువులు కలిసిపోయి ఒక కొత్త ప్రోటీను తయారవుతుంది. దాన్నే బీసీఆర్-ఏబుల్ అంటారు. ఈ అతుకులో ఏబుల్ తన మొదటి కొసను పోగొట్టుకుంటుంది. అంటే ఇందాక చెప్పుకున్న కొవ్వు ముక్క ఉండే కొసే పోయింది. తనను తాను ఆపుకునే ఏర్పాటు పోయింది. దానికి తోడు, బీసీఆర్ భాగం నాలుగేసి అణువులను ఒకచోట చేరుస్తుంది. అవి ఒకదానికొకటి ఫాస్ఫేట్లు తగిలించుకుని మరింత రెచ్చిపోతాయి. పొలంలో స్టార్టర్ డబ్బాను తప్పించి మోటారుకు వైరు నేరుగా తగిలిస్తే ఏమవుతుందో రైతులకు తెలుసు. నీళ్లు కావాలన్నా వద్దన్నా మోటారు ఆగదు. బీసీఆర్-ఏబుల్ ఉన్న కణం పరిస్థితి అదే. పెరగమని ఎవరూ కబురు పంపకపోయినా పెరుగుతూనే ఉంటుంది, చనిపోవలసిన వేళకు చనిపోదు. మూలుగలోని ఒకే ఒక్క కణంలో జరిగిన ఈ పొరపాటు కొన్నేళ్లకు లక్షల కోట్ల కణాలవుతుంది. 1990లో ఈ జన్యువును ఎలుకల మూలుగలో ప్రవేశపెడితే వాటికీ ఇదే రకం జబ్బు వచ్చింది. దాంతో దోషి ఇదేనని రుజువైంది.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. ఈ మార్పు తల్లిదండ్రుల నుంచి రాదు, పిల్లలకు పోదు. పుట్టిన తర్వాత ఎప్పుడో ఒక కణంలో జరుగుతుంది. అంటువ్యాధి అసలే కాదు. హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడినవారిలో ఇది ఎక్కువగా కనిపించింది కాబట్టి తీవ్రమైన రేడియేషన్ ఒక కారణమని తెలుసు. చాలామంది విషయంలో మాత్రం ఫలానా కారణమని వేలుపెట్టి చూపించలేం. కాబట్టి ఎవరి కర్మ అనో, ఎవరి తప్పు అనో రోగిని నొప్పించకండి. ఇంట్లో ఆడపిల్లకు ఈ జబ్బుందని సంబంధాలు వెనక్కి పోవడం, కంచం గ్లాసు వేరుపెట్టడం అన్యాయం.

ఇంతకుముందు వైద్యం ఎలా ఉండేది? కణాలను కొంతకాలం అణిచే మందులుండేవి. ఇంటర్‌ఫెరాన్ సూదిమందు ఉండేది. అది కొద్దిమందికే బాగా పనిచేసేది, జ్వరంతో, ఒళ్లునొప్పులతో మనిషిని కుంగదీసేది. తోబుట్టువుల మూలుగ సరిపోలినవారికి మూలుగ మార్పిడి చేసేవారు. మిగతావారిలో జబ్బు కొన్నేళ్లకు ముదిరి, కణాలు పూర్తిగా అదుపు తప్పిన దశకు వచ్చేది. అక్కడి నుంచి వెనక్కి తీసుకురావడం చాలా కష్టం.

అప్పుడు స్విట్జర్లాండులోని బాసెల్‌లో, సీబా-గైగీ అనే కంపెనీలో నికొలస్ లైడన్, యూర్గ్ జిమ్మర్‌మన్ మొదలైనవారు కైనేజులను ఆపే అణువులను తయారుచేయడం మొదలుపెట్టారు. 500కు పైగా కైనేజులన్నీ ఏటీపీనే వాడతాయి కదా, ఒక్కదాన్ని మాత్రమే ఆపే మందు ఎలా సాధ్యమని చాలామంది పెదవి విరిచారు. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో బ్రయాన్ డ్రూకర్ అనే వైద్యుడు ఆ అణువులను తెప్పించుకుని సీఎంఎల్ కణాల మీద పరీక్షించారు. ఒక అణువు ఆ కణాల సమూహాలను 92 నుంచి 98 శాతం దాకా తగ్గించింది, మామూలు కణాలను ముట్టుకోలేదు. 1996లో ఆ ఫలితం అచ్చయింది. 1998 జూన్‌లో రోగులకు ఇవ్వడం మొదలైంది. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్త కణాల లెక్క పూర్తిగా మామూలుకొచ్చింది. 2001 మే 10న అమెరికాలో దానికి అనుమతి లభించింది. ఆ మందు ఇమాటినిబ్.

ఇమాటినిబ్ సరిగ్గా ఏం చేస్తుంది? ఏబుల్ నడుమ ఏటీపీ కూర్చునే గుంట ఉందన్నాను కదా, అందులోకి వెళ్లి కూర్చుంటుంది. ఏటీపీకి చోటు లేదు. ఏటీపీ లేకపోతే ఫాస్ఫేటు లేదు. ఫాస్ఫేటు లేకపోతే కబురు లేదు. భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త జాన్ కురియన్ బృందం 2000లో ఈ దృశ్యాన్ని స్ఫటికంలో చూసి ఒక విశేషం చెప్పింది. ఎంజైము పనిచేస్తున్న భంగిమలో కాకుండా, ఆగి ఉన్న భంగిమలో ఉన్నప్పుడే ఈ మందు దాన్ని పట్టుకుంటుంది. పనిచేసేటప్పుడు కైనేజులన్నీ దాదాపు ఒకే ఆకారంలో ఉంటాయి. ఆగినప్పుడు ఒక్కోదాని తీరు ఒక్కో రకం. మందు తన లక్ష్యాన్ని గుర్తుపట్టేది ఆ తేడాను బట్టే.

అయితే క్యాన్సర్ కణం ఊరికే లొంగదు. 2001లోనే చార్లెస్ సాయర్స్ అనే వైద్యుడి బృందం ఒక సంగతి కనిపెట్టింది. కొందరు రోగుల్లో ఎంజైములో 315వ స్థానంలో ఉన్న ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి, మందు లోపలికి రాకుండా అడ్డుపడుతోంది. ఆ తర్వాత డాసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్, పొనాటినిబ్ అనే మందులు ఒకటొకటిగా వచ్చాయి. 315వ స్థానంలో మారిన ఎంజైమును కూడా పొనాటినిబ్ ఆపగలదు. 2021లో వచ్చిన అసిమినిబ్ మాత్రం ఏటీపీ గుంట జోలికే పోదు. కొవ్వు ముక్క దూరే అడుగు గుంట గుర్తుందా? ఎంజైము తన కొసను పోగొట్టుకోవడంతో ఖాళీగా పడి ఉన్న ఆ గుంటలోకి అసిమినిబ్ వెళుతుంది. ప్రకృతి ఏర్పాటు చేసిన ఆపును మందు రూపంలో తిరిగి అమర్చారన్నమాట. ఏబుల్ ఎలా ఆగుతుందో తెలుసుకోవడానికి ఏళ్ల తరబడి కష్టపడినవారి శ్రమ అలా ఫలించింది.

ఇక మన నేల సంగతికి వద్దాం. ఇమాటినిబ్ వచ్చిన కొత్తలో కంపెనీ మందు నెలకు దాదాపు లక్షా ఇరవై వేల రూపాయలు. ఎవరు కొనగలరు? 2003లో హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా ఇదే మందును వీనాట్ అనే పేరుతో తెచ్చింది. మన దేశపు కంపెనీల మందు నెలకు ఎనిమిది, పది వేల రూపాయలకు దొరకడం మొదలైంది. ఇమాటినిబ్ స్ఫటిక రూపానికి పేటెంటు కావాలని, సీబా-గైగీ విలీనంతో ఏర్పడిన నోవార్టిస్ కంపెనీ వేసిన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎదుటి పక్షంలో క్యాన్సర్ రోగుల సంఘంతో పాటు నాట్కో, హెటెరో వంటి హైదరాబాదు కంపెనీలు నిలబడ్డాయి. తెలిసిన మందుకు కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన, వైద్యపరంగా గుణం పెరిగిందని చూపించనిదే పేటెంటు ఇవ్వరాదని మన పేటెంటు చట్టంలో సెక్షన్ 3(డి) చెబుతోంది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ ప్రకారమే పేటెంటు నిరాకరించింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇమాటినిబ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మందు కనిపెట్టినవారి తెలివికి ఎంత విలువ ఉందో, అది పేదవాడి చేతికి అందేలా చేసిన ఆ తీర్పుకూ అంతే విలువ ఉందని నా నమ్మకం.

ఇక్కడ మళ్లీ సుబ్బారావుగారు గుర్తుకొస్తారు. ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నప్పుడు అక్కడ తయారైన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా జబ్బు తగ్గింది. మందుతో పిల్లల లుకేమియాను అణచవచ్చని అప్పుడే తెలిసింది. ఈ ఫలితాలు చెప్పిన వ్యాసం 1948 జూన్‌లో వచ్చింది. ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. ఏటీపీ దగ్గరా ఆయనే, లుకేమియా మందు దగ్గరా ఆయనే. మన పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఈ రెండూ కలిపి చెప్పాలి.

చివరగా ఈ జబ్బుతో ఉన్నవారికీ, వారి ఇంట్లోవారికీ నాలుగు మాటలు. ఇమాటినిబ్‌తో వైద్యం మొదలుపెట్టినవారిలో పదేళ్ల తర్వాత 83 శాతం మంది బతికి ఉన్నారని ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది. ఇది చిన్న విజయం కాదు. అయితే మందు ఎంజైమును ఆపుతుందే కానీ తెగి అతికిన క్రోమోజోమును బాగుచేయదు. మాత్ర మానేస్తే ఎంజైము మళ్లీ మొదలవుతుంది. అందుకే ఒంట్లో బాగుంది కదా అని మానేయకూడదు. 2010లో లండన్‌లో 87 మంది రోగులను పరిశీలించారు. వేసుకోవలసిన మాత్రల్లో 90 శాతానికి పైగా వేసుకున్నవారిలో దాదాపు అందరికీ జబ్బు లోతుగా తగ్గింది. అంతకంటే తక్కువ వేసుకున్నవారిలో ఆ ఫలితం మూడో వంతు మందికి కూడా దక్కలేదు. 90 శాతమంటే నెలకు మూడు మాత్రలు తప్పితేనే గీత దాకా వచ్చేసినట్టు.

మాత్రను అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోండి. కళ్ల కింద వాపు, పిక్కలు పట్టేయడం, వికారం రావచ్చు. వస్తే డాక్టరుకు చెప్పండి, చాలావాటికి ఉపాయం ఉంది. పసరు మందులైనా, మరే మందులైనా వాడుతుంటే దాచకండి. బిడ్డ కావాలనుకునే మహిళలు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. బీసీఆర్-ఏబుల్ రక్త పరీక్ష మొదట్లో మూడు నెలలకొకసారి చేయించుకోవాలి. ఆ పరీక్షలో వచ్చే అంకె మూడు నెలలకు 10 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలి. కణాల లెక్క బాగుందని ఈ పరీక్ష మానుకుంటే, మందు పనిచేయడం మానేసిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఆ అంకె దాదాపు సున్నా దగ్గర నిలిచిన కొందరికి డాక్టర్లే మందు ఆపి చూస్తున్నారు. వారిలో సుమారు సగం మందికి జబ్బు తిరిగి రావడం లేదు. అది డాక్టరు పర్యవేక్షణలో, గట్టి నిఘా మధ్య జరగవలసిన పని. సొంతంగా చేయవలసింది కాదు.

కాబట్టి నా విన్నపం ఇది. కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నా, ఎడమ డొక్కలో బరువుగా ఉన్నా ఒక్కసారి రక్త పరీక్ష చేయించుకోండి. సీఎంఎల్ అని తేలితే బెంగపడి దాచుకోకండి, క్యాన్సర్ వైద్యం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి మందు ఎలా అందుతుందో అడగండి. మాత్ర మొదలుపెట్టాక ఒక్క పూట కూడా తప్పించకండి. ఈ ఎంజైము తనంతట తాను ఆగలేదు, దాన్ని ఆపవలసింది మీరు రోజూ వేసుకునే ఆ మాత్రే.